బస్తా కింద వంచిన తల

మా చెల్లెలి కూతురు ఈ మధ్యనే గోదాం మేనేజరుగా ఉద్యోగంలో చేరింది. శిక్షణలో తేమ గురించి చెప్పారట, పురుగు గురించి చెప్పారట, ఎలుకల గురించి ఒక పూటంతా చెప్పారట. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, ముందుగాల ఏం జూస్కోవాలె?" అని అడిగింది. మనుషులను చూసుకోమన్నాను. అది నవ్వి, "మనుషుల గురించి పుస్తకంల లేదు" అంది. లేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

నాకు అనుమానం ఎక్కువ. ఇది ఇంట్లోవాళ్ల మాట. పాలవాడు కొలిచి పోశాక నేను మళ్లీ కొలుస్తానని మా ఆయన ఇప్పటికీ బంధువుల ముందు నన్ను ఆటపట్టిస్తాడు. కొలుస్తాను, నిజమే. గోదాములో ఇన్నేళ్లు పనిచేసినవాళ్లకు అనుమానం జబ్బు కాదు, పనిముట్టు. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలి. చాలామంది మేనేజర్లు లారీ డ్రైవర్లను అనుమానిస్తారు, మిల్లు మనుషులను అనుమానిస్తారు. పక్కపక్కన పనిచేసే ఇద్దరి మధ్య ఏం నడుస్తోందో మాత్రం చూడరు. ఇద్దరూ పొద్దున్నే కలిసి చాయ్ తాగారు కదా, ఇంక గొడవేముంటుంది అనుకుంటారు.

తలుపు దగ్గరి తాడు

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆలంపూర్ వైపు ఒక వేరుశనగ గోదాములో అసిస్టెంటుగా ఉన్నాను. అక్కడి మేనేజరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మాట కరుకు, నవ్వడం తక్కువ. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు హమాలీలు తమ చేతి కొక్కేలన్నీ తలుపు దగ్గర కట్టిన తాడుకు తగిలించాలి. బస్తాను గుచ్చి లాగడానికి వాడే ఇనుప కొక్కెం అది, మొన సూదిలా ఉంటుంది. ఎందుకు సార్ అని అడిగితే ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆకలితోని ఉన్నోడు కొట్టడమ్మా. కొట్టనీకి బలముండదు. తిన్నంక కూసొని పాత ముచ్చట్లు తీస్తరు సూడు, అప్పుడు లేస్తది చెయ్యి."

ఆయన వెళ్లిపోయాక వచ్చిన కొత్త మేనేజరు బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. కూలివాళ్లను దొంగల్లా చూడటమేంటని తాడు విప్పించేశాడు. హమాలీలు కూడా సంతోషించారు. కొన్నాళ్లకు అన్నాల దగ్గర, పొలం గట్టు గురించి మొదలైన మాట మీద, ఒకడి అరచేతిలో ఇంకొకడి కొక్కెం దిగింది. మర్యాద మంచిదే. కానీ మనుషులను నమ్ముతున్నామని చూపించుకోవడానికి తాడు విప్పకండి. ఆ నమ్మకం ఖరీదు మీరు కట్టరు, ఇంకొకరి అరచెయ్యి కడుతుంది.

కొక్కెం కళ్లకు కనిపించే ఆయుధం. కనిపించని ఆయుధం గురించి నేను నల్లగొండ వైపు వచ్చాకే తెలుసుకున్నాను.

ఎత్తేవాళ్లు, మోసేవాళ్లు

మోత్కూర్ వైపు వెళ్లే రోడ్డులో నేను మేనేజరుగా చేసిన బియ్యం గోదాం ఉండేది. కొత్త జిల్లాలు అప్పటికే వచ్చేశాయి. అక్కడి పని పద్ధతి ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

బస్తాల దొంతర దగ్గర ఇద్దరు నిలబడతారు. వాళ్లు ఎత్తేవాళ్లు. మోసేవాడు తువ్వాల చుట్టి తలమీద పెట్టుకుని, వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నడుము వంచి, తల దించి నిలబడతాడు. వాళ్లు చెరో వైపు పట్టుకుని బస్తాను అతని మెడ మీదికి, వీపు మీదికి దించుతారు. అప్పుడతనికి నేల తప్ప ఏమీ కనిపించదు. ఇద్దరూ ఒకేసారి వదిలితే బరువు వీపంతా పరుచుకుంటుంది. ఒకడు ముందు వదిలితే బస్తా మెలి తిరిగి మెడ మీద పడుతుంది. యాభై కిలోలు. పక్కన నిలబడి చూసేవాడికి తేడా కనిపించదు కూడా. రోజంతా ఒక మనిషి ఇలా ఎన్నిసార్లు తల వంచుతాడో ఆలోచించండి. ప్రతిసారీ తన మెడను ఇద్దరి చేతుల్లో పెడుతున్నాడు.

మా దొంతరకు రెండు కొనల్లో రెండు జతలు ఎత్తేవి. ఒక జత మల్లేశం, వెంకటి. మల్లేశం నోటి దురుసు మనిషి, చెయ్యి కూడా తొందర. వెంకటి నెమ్మదస్తుడు. మోసేవాళ్లలో అంజయ్య అని ఒకడు, వెంకటికి స్వయానా బావ. వెంకటి అక్క యాదమ్మనే చేసుకున్నాడు. జట్టు మొత్తానికి మేస్త్రి సాయిలు. గోదాములో మేనేజరు మాట చెల్లుతుంది గానీ, జట్టు లోపల సాయిలు మాటే.

ఒకరోజు పొద్దున నేను కాటా దగ్గర ఉండగా లోపల అరుపు వినిపించింది. పరుగెత్తాను. అంజయ్య బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద బస్తా. అప్పుడే ఇద్దరు దాన్ని పక్కకు లాగుతున్నారు. అంజయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. "మేడం, చేతులు లేస్తలెవ్వు" అన్నాడు మెల్లగా.

"ఏమైంది?" అన్నాను.

"కాలు జారింది మేడం, గంతే" అన్నాడు సాయిలు. వెనకాల ఇద్దరు ముగ్గురు అదే మాట అన్నారు. అందరిదీ ఒకటే మాట, ఒకటే వరుస. నాకు అక్కడే తేడా కొట్టింది. నిజంగా జరిగినదాన్ని నలుగురు చూస్తే నాలుగు రకాలుగా చెబుతారు.

రెండో సంగతి, అంజయ్య పడ్డ చోటు. ఎత్తేవాళ్ల కాళ్ల మధ్యనే పడి ఉన్నాడు. ఒక్క అడుగు కూడా వేయలేదు. కాలు జారాలంటే ముందు కదలాలి కదా. ఎత్తేవాళ్ల వైపు చూశాను. మల్లేశం తన రెండు చేతులనూ చూసుకుంటున్నాడు. వెంకటి బావ కోసం నీళ్లు తేవడానికి పోయాడు.

పెద్దసారుకు నచ్చిన రెండు కథలు

అంజయ్యను నల్లగొండ పెద్ద దవాఖానకు పంపి, పట్నంలో ఉండే మా పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన మొదట "ప్రమాదం అని పంపేయండమ్మా" అన్నాడు. మరుసటి రోజు ఎవరు చెప్పారో ఏమో, అంతకు కొద్ది రోజుల ముందే చాయ్ హోటల్ దగ్గర మల్లేశం అంజయ్య చెంప పగలగొట్టాడని ఆయనకు తెలిసింది. వెంటనే మాట మార్చాడు. "ఇంకేం, వాడే. తీసి పారేయండి. పోలీసులకు కూడా చెప్పండి."

నాకు రెండు కథలూ నచ్చలేదు. ప్రమాదం అనుకుంటే పెద్దసారుకు సుఖం. మల్లేశం అనుకుంటే అందరికీ సుఖం, ఎందుకంటే మల్లేశం అంటే ఎవరికీ పడదు. తేలిగ్గా దొరికిన దోషిని నేను ఎప్పుడూ నమ్మలేదు. అలాగని మల్లేశం నిర్దోషి అని కూడా అనుకోలేదు. ఆ బస్తాకు రెండో వైపు చెయ్యి అతనిదే. "ఒక్కవారం ఆగండి సార్" అన్నాను. "మీకు ప్రతిదీ అనుమానమే" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

జట్టులో ఎవరినడిగినా నేల చూపులే. దవాఖానలో అంజయ్య పోలీసులకు కూడా కాలు జారిందనే చెప్పాడు. ఇక నోళ్లతో పనిలేదని తేలిపోయింది. కుర్చీ తెచ్చుకుని దొంతరకు ఎదురుగా కూర్చున్నాను.

సాయిలు ఆ పాత జతను విడదీశాడు. మల్లేశం ఒక కొనలో, వెంకటి ఇంకో కొనలో, ఇద్దరికీ కొత్త జోడీలు. నేను చూసింది మోసేవాళ్లను. మల్లేశం దగ్గరికి వెళ్లేవాళ్లు మామూలుగా వెళ్లి, మామూలుగా తల వంచారు. అందరూ తిట్టుకునే మనిషి చేతుల కింద ఒక్కడు కూడా జంకలేదు. వెంకటి ఉన్న కొనకు దగ్గరగా ఉన్నవాళ్లు కూడా చుట్టూ తిరిగి మల్లేశం వైపే పోతున్నారు. వెంకటి దగ్గరికి పోక తప్పనివాళ్లు తల వంచాక కూడా కనుగుడ్లు పైకి తిప్పి అతని చేతులు చూస్తున్నారు. నేల చూడాల్సిన మనిషి పైకి చూస్తున్నాడు. నోరు దాచినదాన్ని మెడలు దాచలేకపోయాయి.

అమ్మాయీ, నీకు చెప్పాలనుకున్న మొదటి సంగతి ఇదే. ఎవరు ఎవరి చేతుల కింద తల వంచడం లేదో చూసుకో.

యాదమ్మ చేతులు

కానీ వెంకటి ఎందుకు చేస్తాడు? బావామరుదులు ఒకే బండి మీద పనికొచ్చేవాళ్లు. అది తేలక దవాఖానకు వెళ్లాను. అంజయ్య నిద్రపోతున్నాడు. చేతులు మెల్లగా తిరిగి వస్తాయని డాక్టర్లు అన్నారట, బరువు మాత్రం ఇక మోయకూడదన్నారట. యాదమ్మ వరండాలో గిన్నె కడుగుతోంది. కొంగు జారినప్పుడు ముంజేతుల మీద మచ్చలు కనిపించాయి. పసుపుపచ్చగా మారుతున్న పాత మచ్చలు, వాటి పక్కన కొంచెం కొత్తవి.

"ఇవేంది యాదమ్మా?"

"గోడ తగిలింది మేడం."

"గోడకు ఐదు వేళ్లు ఉంటయా?"

ఆమె గిన్నె కింద పెట్టేసింది. తర్వాత ఏడుపు మొదలైంది. "తాగొస్తే కొడ్తడు మేడం. తాగకున్నా కొడ్తడు. మా తమ్మునికి జెప్పిన. నేనే జెప్పిన. గా దినం నా నోరు పడిపోయినా బాగుండు." కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "మీరు ఎవలకు జెప్పకుర్రి. మా తమ్ముడు జైలుకు వోతే నాకు పుట్టిల్లు లేదు."

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో ఆ క్షణంలో తెలియలేదు. అంజయ్య మీదా వచ్చింది, వెంకటి మీదా వచ్చింది. ఒక ఇంట్లో మొదలైన దెబ్బ నా గోదాములోకి నడిచి వచ్చింది, నేను తలుపు దగ్గర కూర్చుని లారీలను మాత్రమే చూస్తూ ఉన్నాను.

తిరిగి వచ్చి సాయిలును గదిలోకి పిలిచి, వెంకటి పేరు చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు.

"జట్టుకు ఎర్కనే మేడం. మల్లేశం గుడ అంజయ్యను కొట్టిండు, ఎందుకు? వాళ్లిల్లు పక్కిల్లే, రోజూ యాదమ్మ ఏడ్పు ఇంటుండు. కానీ మల్లేశం బయట కొట్టిండు, ఎదురుంగ నిలవడి కొట్టిండు. దాన్ని మేం తప్పనలే. వీడు బస్తాతోని కొట్టిండు. తల వంచినోడు ఎవలైతేంది, శత్రువైనా గా గడియల వాడు మన చేతులల్ల ఉన్నట్టే. గది తప్పినంక ఇంగ జట్టేముంటది?"

"అయితే వెంకటిని ఎత్తే పని నుంచి తియ్యి."

"మంచిదే మేడం" అన్నాడు వెంటనే. "రేపట్నుంచి ఎత్తుడు లేదు వానికి."

సాయిలు ఏ మాటకూ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. అతను వెళ్లిపోయాక కూడా ఆ "మంచిదే" నా చెవుల్లో తిరుగుతూనే ఉంది.

నా చెయ్యి

మర్నాడు రెండు లారీలు వచ్చి నిలబడ్డాయి. లోపలికి వెళ్లేసరికి వెంకటి తలమీద తువ్వాల చుట్టుకుంటున్నాడు. ఎత్తేవాణ్ని మోసేవాణ్ని చేశారు. రెండో కొనలో ఎత్తేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నది ఒకే జత. అందులో మల్లేశం.

జట్టు ఏం తీర్పు చెప్పిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. వాడు చేసిన పని వాడికే చేస్తారు, తర్వాత అందరూ కలిసి కాలు జారిందని చెబుతారు.

"పని ఆపుర్రి!" అని అరిచాను.

ఎవరూ కదలలేదు. సాయిలు "లారీలు ఆగినయి మేడం" అన్నాడు చాలా వినయంగా. అప్పుడు వెంకటి నా వైపు తిరిగాడు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వద్దు మేడం. నేను మోస్త" అన్నాడు.

నడుచుకుంటూ పోయి మల్లేశం ముందు తల వంచాడు. పైకి చూడలేదు. నేలనే చూశాడు.

మల్లేశం, అతని జోడీ బస్తా లేపారు. లేపి, మామూలు కన్నా ఎక్కువసేపు గాల్లో పట్టుకున్నారు. నేను ఆలోచించలేదు, పోయి బస్తా అంచు మీద చెయ్యి వేశాను. నేనేదో దాన్ని ఆపగలిగినట్టు.

"మేడం, చెయ్యి దియ్యుర్రి" అన్నాడు మల్లేశం.

"తియ్య."

"తియ్యకుంటే బస్తా తిరుగుతది. వాని మెడ వోతది."

అది బెదిరింపో, పని తెలిసినవాడి మాటో నాకు తెలియలేదు. రెండూ కావచ్చు. మల్లేశం ముఖం చూశాను. చెమట తప్ప ఏమీ కనిపించలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎవరి మాటనూ ఒక్కసారికి నమ్మని మనిషిని నేను. ఇప్పుడు ఇంకొకరి మెడను పణం పెట్టి, చెంప పగలగొట్టే మనిషి మాట నమ్మాల్సి వచ్చింది. అతని మోచేతులు వణకడం మొదలైంది. ఆ బరువును ఎంతసేపని పట్టుకుంటాడు?

చెయ్యి తీసేశాను.

మల్లేశం వంగాడు. బస్తాను దించలేదు, పడుకోబెట్టాడు. ముందు తన అరచెయ్యి వెంకటి మెడ మీద పెట్టి, బస్తా బరువు వీపు మీదికి చేరేదాకా ఆ చేతిని అక్కడే ఉంచి, తర్వాత మెల్లగా లాక్కున్నాడు. "ఊ, ఇగ పో" అన్నాడు. వెంకటి లేచి నడిచాడు. లారీ చెక్క ఎక్కుతుంటే బస్తా కింద నుంచి అతని ఏడుపు అందరికీ వినిపించింది.

సాయిలు తీర్పు ఏమిటో, మల్లేశం దాన్ని కాదన్నాడో, లేక మొదటి నుంచీ తీర్పు అదేనో నాకు ఎవరూ చెప్పలేదు. నేను అక్కడ నిలబడి ఉండకపోతే ఏమయ్యేదో కూడా తెలియదు. ఒకసారి మల్లేశాన్ని అడిగాను. "మీరు ఉన్నరు గద మేడం" అన్నాడు. దాన్ని ఎటైనా అర్థం చేసుకోవచ్చు. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మనుషుల లోపల ఏముందో తేలేదాకా గదిలో కూర్చోవద్దు. వెళ్లి నిలబడండి. తెలియకపోయినా నిలబడండి.

తర్వాత

పెద్దసారుకు ప్రమాదమనే రాసి పంపాను. అంజయ్యకు చేతులు వచ్చాయి. బరువు మోయలేడు కాబట్టి బస్తాల మూతులు కుట్టే పనికి పెట్టాను. వెంకటి ఎత్తే పనికి మళ్లీ పోలేదు, నేను ఉన్నంత కాలమూ మోశాడు. బావామరుదులు మళ్లీ ఒకే బండి మీద వచ్చేవాళ్లు. నడిపేది మాత్రం వెంకటి.

అంజయ్య పనిలోకి తిరిగొచ్చిన రోజున సాయిలును, మల్లేశాన్ని పక్కన పెట్టుకుని అతనితో ఒక మాట అన్నాను. "నీ మెడ మీద బస్తా పడితే పది మందిమి ఉరికొచ్చినం. యాదమ్మ మీద దెబ్బ పడినప్పుడు ఎవ్వలం రాలే. ఇగ వస్తం." అతను తల వంచుకున్నాడు. నేను నమ్మలేదు. తల వంచినంత మాత్రాన మారినట్టా? అప్పటి నుంచి యాదమ్మ సద్ది తెచ్చినప్పుడల్లా ముందు ఆమె ముంజేతులు చూసేదాన్ని, తర్వాతే ముఖం చూసేదాన్ని. ఆమెకు తెలియకుండా చూస్తున్నానని అనుకునేదాన్ని.

నా చివరి పనిదినం జట్టంతా గేటు దగ్గరికి వచ్చింది. సన్మానాలు, శాలువాలు నాకు చిరాకు. ముగించుకుని బండి ఎక్కబోతుంటే యాదమ్మ గుంపులో నుంచి ముందుకొచ్చింది. కుడిచేతి గాజులను మోచేతి దాకా తోసుకుని, చెయ్యి నా ముందు చాపింది.

"సూడుర్రి మేడం. రోజూ సూస్తరు గద."

అందరూ నవ్వారు. అంజయ్య కూడా నవ్వబోయి ఆగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఎడమ చెయ్యి గుడ సూపియ్యి" అన్నాను.